అడుగుకి అర అంగుళం

ఫీజీలో మేం పుట్టిపెరిగిన లోవు నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. మా తాత నాటి ట్యాంకుని గ్యాసు మంటతో ముక్కలు కోసి తుక్కు లారీలో ఎక్కించేశారట. లీజు ముగిసింది, పొలం తిరిగి అప్పజెప్పాలి, గట్టు మీద ఆ ఇనుప గుట్ట ఉంటే ఎలా అన్నాడు. నేను ఏడుస్తాననుకున్నట్టున్నాడు పాపం, గొంతు తగ్గించి, ముందు నా మోకాళ్ల సంగతి అడిగి, నేనుండే సువాలో వానలు ఎలా ఉన్నాయో అడిగి, అప్పుడు చెప్పాడు. కోసే ముందు కొలతలు తీసుకున్నావా అని అడిగాను. కొలతలు దేనికత్తా అన్నాడు. దేనికట! ఫోన్ పెట్టేశాను. కోపం తగ్గడానికి రెండు రోజులు పట్టింది. తగ్గాక ఇది రాయడానికి కూర్చున్నాను. పూర్తిగా తగ్గిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

లోవులో అందరూ ట్యాంకు అనేవాళ్లు గానీ అది ట్యాంకు కాదు. దానికి పైకప్పు లేదు, గుండ్రంగా తిరిగే ఫిరంగి లేదు. యుద్ధంలో నలుగురు సిపాయిల్నీ ఒక మెషిన్ గన్నునీ మోసుకుపోవడానికి చేసిన పొట్టి ఉక్కు బండి. పక్కకి మూడేసి చక్రాలు, రెండు జంటగా, ఒకటి విడిగా, వాటిని చుట్టి ఇనుప పట్టా. బ్రెన్ క్యారియర్ అని దాని పేరు. న్యూజీలాండు సిపాయిలు నాందీ ఊరి చుట్టుపక్కల గుడారాలు వేసుకుని ఉన్న కాలంలో ఒకటి మడ చెట్ల మధ్య బురదలో దిగబడిపోయింది, వాళ్లు వెళ్లిపోయాక అక్కడే మిగిలింది. మా తాత నాలుగు ఎద్దులు కట్టి దాన్ని బయటికి లాగాడు. రెండు రోజులు పట్టిందని తాత అనేవాడు, వారం పట్టిందని నాయన అనేవాడు. లాగింది ఎద్దులు, మీ తాత గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చాడు అని మా అవ్వ అనేది. నాకు అవ్వ మాట మీదే నమ్మకం. తాత దానికి పాత లారీ ఇంజను పెట్టి, వెనకాల కొక్కెం అతికించి, కొండవాలు పొలం నుంచి చెరకు బండ్లని రైలు పట్టాల దాకా లాగించేవాడు. ఎద్దులు జారిపడే వానల్లో కూడా అది ఎక్కేది. ఆ కాలంలో ఆ వాలు మీద చెరకు వేసినవాడు మా తాత ఒక్కడే, మిగతావాళ్లు అటు చూసి నవ్వి వదిలేసినవాళ్లు.

మా ఇల్లు రేకుల ఇల్లు. వరండాలో నాయన కుట్టు మిషను. ఆయన దర్జీ, పొలం మీద మనసు లేనివాడు, అందుకని తాతకి ఆయన మీద లోపల ఒక బాధ ఉండేది. అమ్మ మాత్రం తాతతో పాటు చెరకులోనే ఉండేది, పొద్దు వాలాక గాని ఇంటికి వచ్చేది కాదు. ఇంట్లో పెత్తనం అవ్వది. తెల్లారగానే కిరసనాయిలు పొయ్యి వాసన, దాని మీద అవ్వ కాల్చే రొట్టెల వాసన, లౌటోకా చక్కెర మిల్లు ఆడే నెలల్లో గాలి తిరిగితే మడ్డి బెల్లం వాసన. కోత ముందు చెరకు తగలబెట్టిన రోజున ఆరేసిన గుడ్డల మీద నల్లటి నుసి రాలేది, నాయన కుట్టిన తెల్ల చొక్కాలు పట్టుకుని లోపలికీ బయటికీ పరిగెత్తేవాడు. సాయంత్రం తాత వరండా కింద చాప పరిచి నంగోనా వేరు పొడి నీళ్లలో కలిపేవాడు, కాస్త మత్తిచ్చే ఆ మట్టి రంగు నీళ్లు తాగడానికి పక్క పొలాల వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. వాళ్ల మాటలు సగం హిందీ, సగం తెలుగు. కోపం వస్తే హిందీ, దేవుడి సంగతికి తెలుగు. నేను ఆదివారాలు గుడి వసారాలో పెట్టే తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. ఎక్కడైనా తప్పుంటే దిద్దుకుని చదువుకోండి, నన్ను దిద్దొద్దు.

నేను పెద్దబడిలో చదివేనాటికి స్వాతంత్ర్యం వచ్చి జెండా మారి ఏడాది అయింది. ఇక ఈ దేశం మనదని బడిలో హెడ్మాస్టరు చెప్పాడు, మిఠాయి పంచారు. మిఠాయి తిని మగపిల్లలు టెక్నికల్ డ్రాయింగు గదికి వెళ్లారు, ఆడపిల్లలు కుట్టు క్లాసుకి వెళ్లాం. దేశం మనదైంది గాని డ్రాయింగు గది కాలేదు. కుట్టు క్లాసులో కాజాలు కుట్టడం నేర్పేవాళ్లు. దర్జీ కూతురిని, ఆరేళ్లప్పటి నుంచి నాయన చొక్కాలకి కాజాలు కుట్టేది నేనే! పక్క గది కిటికీలోంచి చూస్తే మగపిల్లలు వాలు బల్లల మీద తెల్ల కాగితం బిగించి, టీ ఆకారం బద్ద పెట్టి, ఒకే వస్తువుని పైనుంచీ పక్కనుంచీ ముందునుంచీ గీసేవాళ్లు. ఏదైనా వస్తువుని అలా మూడు వైపుల నుంచి పట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ గది నాకు కావాలి. ఇంకేదీ అంత గట్టిగా కోరుకున్న గుర్తు లేదు, పెళ్లితో సహా.

ఆ గది మాస్టరు పేరు జోనే. లోవు పక్క ఫీజియన్ గ్రామం ఆయనది, మా హిందీ మాకన్నా బాగా మాట్లాడేవాడు. ఒకరోజు వరండాలో ఆపి అడిగాను. ఆయన నవ్వాడు. ఈ క్లాసు మిల్లుకీ రోడ్ల ఆఫీసుకీ వెళ్లేవాళ్ల కోసం అన్నాడు. నేను కదలకపోయేసరికి, టౌన్ హాల్లో హాబీల ప్రదర్శన వస్తోంది, ఏదైనా నమూనా చేసి మొదటి బహుమతి పట్టుకురా, అప్పుడు చూద్దాం అన్నాడు. స్టాఫ్ రూముకి చేరేలోపే ఆ మాట మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు.

ప్రదర్శనలో యుద్ధ వాహనాలకి వేరే బల్ల ఉందని లైబ్రరీ గోడ మీద చదివాను. ఇంకేం కావాలి, మా గట్టు మీదే ఒకటి ఉంది. నాయన టేపు తీసుకుని, తాతని రెండో చివర పట్టుకోమని, ముక్కు నుంచి తోక దాకా కొలిచాను. పట్టా లింకులు లెక్కపెట్టాను, చక్రాల ఆకులు లెక్కపెట్టాను, రివెట్ల మధ్య దూరాలు నోటుబుక్కులో రాసుకున్నాను. అడుగుకి అర అంగుళం అని నిర్ణయించుకున్నాను, బండి మొత్తం అరచేతిలో పట్టేటట్టు వచ్చింది. గోడలకి చొక్కాల డబ్బాల అట్ట. పట్టాకి నాయన ప్యాంటు జిప్పు ఒకటి ఇచ్చాడు, చూడ్డానికి అచ్చం అలాగే ఉంది గాని లింకుల లెక్క కలవలేదు. తిప్పి ఇచ్చేసి చేపల డబ్బా రేకుని కత్తిరించి ఒక్కో లింకూ చేశాను. నా బొటనవేలికి ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. రివెట్లకి ఏం పెట్టాలో వారం తోచలేదు. ఒకరోజు అవ్వ విత్తనానికని ఎండబెట్టిన తోటకూర గింజలు చేటలో చెరుగుతుంటే దొరికాయి. పలచటి మస్లిన్ గుడ్డలో జల్లించి, అన్నిటికన్నా సన్నవి ఏరి, సూది మొనతో జిగురు పెట్టి ఒక్కొక్కటే అతికించాను. మూడు నెలలు పట్టింది. లైబ్రరీ పుస్తకంలో ఆ బండి ఫోటో ఒక్కటి ఉంది, ఎక్కడైనా సందేహం వస్తే అది చూసుకునేదాన్ని. మా బండి వయసు మీద పడి పాడైంది, పుస్తకంలోది అసలైనది అని నా బుద్ధికి తోచింది. నా తప్పు అక్కడే ఉంది, అప్పుడు తెలియలేదు.

పూర్తయ్యాక ఆకుపచ్చ రంగు వేసి ముందుగా తాతకి చూపించాను. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. చక్రాలు వేలితో తిప్పి చూశాడు. చాలాసేపటికి, "బాగుండాది పాపా. ఇది మనది కాదు గదా?" అన్నాడు. కాదు తాతా, మనదే అన్నాను. మళ్లీ చూసి, తల ఊపి, ఇచ్చేసి నంగోనా దగ్గరికి పోయాడు. ముసలాయనకి కళ్లు కనిపించట్లేదని అనుకున్నాను. అంత పొగరు నాకు.

ప్రదర్శన ముందు రోజు ఆయుధ పూజ వచ్చింది. మా ఇంట్లో ఆ రోజున ఇనుము ఏదీ పనిచెయ్యదు. చెరకు కత్తులు, పారలు, నాయన మిషను, కత్తెరలు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టేవాళ్లు. గట్టు మీది బండికి అవ్వ తనే వెళ్లి పెట్టేది, పట్టా కింద నిమ్మకాయలు పెట్టి తాత దాన్ని ఒక్క అడుగు ముందుకి నడిపేవాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి నా బండి కూడా దేవుడి గూట్లో కత్తుల పక్కన ఉంది. ముందు రేకు మీద ఒకటి, రెండు పక్కల పట్టా రేకుల మీద ఒక్కొక్కటి, మూడు పసుపు ముద్దలు, మధ్యలో కుంకుమ. అంత చిన్న బండికి నిమ్మకాయ ఎక్కడ దొరుకుతుందని పట్టాల కింద నిమ్మ గింజలు పెట్టి దాన్ని ఒక వేలుతో ముందుకి తోసింది మా అవ్వ. రెండు లింకులు ఊడాయి. నేను ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాను. అట్ట మీద వేసిన రంగు అది, పసుపు లోపలికి దిగిపోయింది, తడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకింది. అవ్వ మాత్రం తొణకలేదు. "కాహే, ఎందుకు ఏడస్తా ఉండావే? ఇంట్లో ఉండే బండికి పెట్టకుండా ఎట్ల పంపించేది?" అంది. లింకులు మళ్లీ అతికించి, అవ్వతో మాట్లాడకుండా పడుకున్నాను.

టౌన్ హాల్లో యుద్ధ వాహనాల బల్ల చూసి బహుమతి నిర్ణయించడానికి వచ్చినాయన ఒక ముసలి దొర, తెల్ల నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు. చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. ఆయన యుద్ధంలో అలాంటి బండి నడిపినవాడు. భూతద్దం తీసి నా బండి మీదికి వంగి చూస్తూ అలాగే ఉండిపోయాడు. రివెట్లు దేనితో చేశావని అడిగి, చెబితే చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత ఆయన వేలు పసుపు దగ్గర ఆగింది. ఇదేమిటన్నాడు. మా అవ్వ పెట్టిందన్నాను. యుద్ధంలో ఏ బండికీ ఇలాంటి మచ్చలు ఉండవు, నా కారులో ఆకుపచ్చ రంగుంది, తెచ్చిస్తాను, టీ అయ్యేలోపు వాటిని కప్పెయ్యి, మొదటి బహుమతి నీదే అని చెప్పి, తనే రంగు తేవడానికి బయటికి వెళ్లాడు. అంత మంచివాడు.

నాకు కావలసిందంతా పది నిమిషాల దూరంలో ఉంది. మూడు మచ్చలు, ఒక కుంచె, అంతే. ఎక్కడ మొదలుపెట్టాలా అని బండి చేతిలోకి తీసుకుని చూశాను. అప్పుడు కనిపించింది. అవ్వ ఆ మూడు బొట్లూ ఎక్కడ పడితే అక్కడ పెట్టలేదు. గట్టు మీది బండికి ఏ మూడు చోట్ల పెడుతుందో సరిగ్గా అక్కడే పెట్టింది. అక్కడ ఇరవై ఏళ్ల పసుపూ నిమ్మరసమూ తిని రంగు ఊడి ఇనుము గోధుమరంగులోకి తిరిగింది, ఆ మచ్చల చుట్టూ టేపు పట్టి కొలిచింది నేనే. రివెట్లు రాసుకున్నాను, మచ్చలు రాసుకోలేదు. పుస్తకంలో లేవు కాబట్టి. పుస్తకంలో లేదు కాబట్టే కొక్కెమూ వదిలేశాను. తాత చెరకంతా ఏ కొక్కేనికి తగిలించి లాగాడో, మా ఇంటి అన్నం ఏ కొక్కేనికి వేలాడిందో, అదే లేకుండా బండి చేసి, ఆయన చేతిలో పెట్టి, మనదే అని వాదించాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెనకాలే కోపం వచ్చింది, ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను.

దొర రంగు డబ్బాతో వచ్చేసరికి నేను జడలోంచి పిన్ను లాగి పళ్లతో వంచుతున్నాను. ఏం చేస్తున్నావని అడిగాడు. కొక్కెం మరిచిపోయాను, పెడుతున్నానన్నాను. అక్కడ కొక్కెం ఉండదన్నాడు. దీనికి ఉందన్నాను. నేను ఆ బండి రెండేళ్లు నడిపాను తెలుసా అన్నాడు, కోపంగా కాదు, నిజంగా నాకు తెలియజేయాలనే. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పాను.

"మీరు నడిపిన బండి నేను చూడలేదు సార్. నేను కొలిచింది మా తాత బండి."

ఆయన డబ్బా బల్ల మీద పెట్టాడు. ఇది యుద్ధ వాహనాల బల్ల, ఇలా అయితే ఇవ్వలేను, నీ ఇష్టం అన్నాడు. పెన్సిలు డబ్బాలో తెచ్చుకున్న జిగురుతో కొక్కెం అతికించి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. బహుమతి మిల్లు ఆఫీసరుగారి అబ్బాయి ట్యాంకుకి ఇచ్చారు, పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్కలతో చేసింది. బాగా చేశాడు, కాదనను. కాని దాని అసలు బండిని ఆ అబ్బాయి ఒక్కసారైనా చేత్తో తాకలేదు.

ఇంటికొస్తే తాత చాప మీద ఇద్దరు పొరుగువాళ్లతో ఉన్నాడు. బండి ఆయన చేతిలో పెట్టాను. గోటితో కొక్కెం తట్టి చూశాడు. నాయన మిషను దగ్గర నుంచి దారం ముక్క తెప్పించుకుని, కొక్కేనికి కట్టి, రెండో కొసకి అగ్గిపెట్టె కట్టి, చాప మీద లాగుతూ, తుఫాను వచ్చిన ఏడాది చెరకు బండ్లని వాలు మీంచి ఎలా దింపాడో పొరుగువాళ్లకి మొదటినుంచీ చెప్పాడు. వాళ్లు ఆ కథ వందసార్లు విన్నవాళ్లే. బహుమతి సంగతి నాయన ఒక్కడే అడిగాడు, రాలేదంటే మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. అవ్వతో నేనే వెళ్లి మాట్లాడాను.

మొన్న సువాలో నమూనాలు చేసే కుర్రాళ్ల క్లబ్బుకి నన్ను పిలిచారు. ఎంత సున్నితమైన పని! ముక్కలు పార్సిల్లో వస్తాయి, రానివి యంత్రం అచ్చు వేసి ఇస్తుంది, మాలా వేళ్లు కోసుకోవక్కర్లేదు. ఒక అబ్బాయి ట్యాంకుకి బురద పూశాడు, ఫ్రాన్సు బురద రంగు అదేనట, దాని కోసం ప్రత్యేకంగా సీసా తెప్పించాడు. బాబూ, మన బురద ఏం పాపం చేసింది అని అడిగాను. మర్యాదగా నవ్వారు. మన బండ్లు మన ఊళ్లలోనే తుప్పు పట్టి, చెరకు లాగి, నీళ్లు తోడి, కోళ్లకి గూళ్లయ్యాయి. ఆ తుప్పు కొలిచినవాళ్లు లేరు. తర్వాత సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టి తుపాకులు నిజంగానే వీధుల్లోకి వచ్చిన సంవత్సరాల్లో మా వాళ్లు సగంమంది ఆక్లండుకీ సిడ్నీకీ వెళ్లారు, నువ్వింకా ఎందుకున్నావని నన్ను అడుగుతారు. నేనెందుకు వెళ్లాలి? ఈ నేల కొలతలు నా దగ్గరున్నాయి. అప్పుడు మాకు ఏమీ లేదు, ఇప్పుడు అన్నీ ఉన్నాయి అంటారు గాని, నాకలా అనిపించదు. అప్పుడు మాకు ఒక వస్తువు ఉండేది, దాన్ని కొలిచే తీరిక ఉండేది.

ఆనాటి ప్రదర్శన అయ్యాక వచ్చిన సోమవారం చొక్కా గుడ్డలో బండి చుట్టుకుని డ్రాయింగు గదికి వెళ్లాను. కుట్టు క్లాసు గంట అప్పటికే కొట్టారు. జోనే మాస్టరు బోర్డు దగ్గర ఉన్నాడు. బహుమతి వచ్చిందా అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆయనా మరవలేదు. లేదు సార్ అన్నాను. మరి ఏ లెక్కన వచ్చావని అడిగాడు. వెనక బల్లల్లో నవ్వులు. బండీ నోటుబుక్కూ ఆయన ముందు పెట్టి, అక్కడ ఎవరూ కొలవలేదు, మీరు కొలవండి అన్నాను.

ఆయన స్టీలు స్కేలు తీశాడు. పొడుగు కొలిచి నోటుబుక్కు చూశాడు. వెడల్పు కొలిచి చూశాడు. చక్రాలు, పట్టాలు, కొక్కెం. చూసి చూసి మగపిల్లలకి విసుగొచ్చి నవ్వడం మానేశారు. చివరికి ఎడమ పక్క రేకు దగ్గర ఆగి, రెండుసార్లు కొలిచి, తలెత్తాడు. కుడి పక్క సరిగ్గా ఉంది, ఎడమ పక్క ఒక నూలు తక్కువ వచ్చింది, ఇది తప్పు అన్నాడు.

"తప్పు కాదు సార్. మా నాయన దాన్ని ఒకసారి కొబ్బరి చెట్టుకి గుద్దాడు. అసలు బండి అక్కడ మూడంగుళాలు లోపలికి పోయింది."

ఆయన పెదవులు కదిలాయి, లెక్క వేసుకుంటున్నాడు. అడుగుకి అర అంగుళమైతే మూడంగుళాలకి అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సరిగ్గా ఒక నూలు. స్కేలు బల్ల మీద పెట్టి, నోటుబుక్కు మూసి నాకిచ్చి, గదిలో ఖాళీ లేదన్నట్టు చుట్టూ చూశాడు.

"జావ్. బగల్ వాలా రూమ్ సే స్టూల్ లేకే ఆవ్."

పక్క గది నుంచి స్టూలు తెచ్చుకోమన్నాడు. సైన్సు గది స్టూలు, ఇనుప కాళ్లది, చాలా బరువు. గడప దగ్గర ఒక కాలు తట్టుకుంది, ఎవరూ లేచి పట్టుకోలేదు. పట్టుకోమని నేనూ అడగలేదు. ముందు వరసలో, మాస్టరు బల్లకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.